రాతిమడుగు రాణిగారి అడకత్తెర

నేను ఒక అడకత్తెరను. వక్కలు కత్తిరించే పనిముట్టును. నా పేరు వినగానే మీకు ఒక మాట గుర్తొస్తుందని తెలుసు, ఇద్దరి మధ్య నలిగిపోయే మనిషిని గురించి అనే మాట. దయచేసి దాన్ని నా ఎదుట అనకండి. ఆ మాటలో జాలంతా వక్క మీదే. నా రెండు పిడులూ పట్టుకుని నొక్కిన చెయ్యి ఎవరిదని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నొక్కేది మనుషులు, చెడ్డపేరు నాకు.

నేను పుట్టింది పెదకనుమలో. ఓరుగల్లు పడిపోయాక, దొరికిన కొండ మీద దొరికినవాడు కోట కట్టుకుని భూపతినని చెప్పుకుంటున్న రోజులవి. పెదకనుమ అలాంటి కోటే. కనుమదారికి అవతల, ఎదురుగా, రాతిమడుగు కోట. ఈ గోడ మీద ఎవరైనా గట్టిగా దగ్గితే ఆ గోడ మీద కాపలావాడు తలెత్తి చూసేవాడు. ఇంత దగ్గరగా ఉన్నవాళ్ళు కలిసి బతకాలి, లేదంటే ఒకసారి తేల్చేసుకోవాలి. వీళ్ళకు రెండూ చేతకాలేదు. కనుమలో గడ్డి ఎవరి పశువులు మేయాలన్న తగాదా తాతల నాటి నుంచి నడుస్తూనే ఉంది.

నా రెక్కలను సాగగొట్టింది కమ్మరి. నా పిడులను రెండు ఇత్తడి చిలకలుగా పోసింది కంచరి. రెండూ కలిపి శీల బిగించే పని ఎవరిదన్న దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. కంచరే తన కొలిమికి రావాలని కమ్మరి, కమ్మరే తన ఇంటికి రావాలని కంచరి. ఈలోగా నేను రెండు ముక్కలుగా రెండు ఇళ్ళల్లో పడి తుప్పు పడుతున్నాను. చివరికి కమ్మరి భార్యకు విసుగు పుట్టి, తనే వెళ్ళి ఆ చిలకలను తెచ్చి, సుత్తితో శీల దిగ్గొట్టి, కోటకు పంపేసింది. మనుషుల సంగతి నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

కోటలో అప్పుడు పెళ్ళి పనులు జరుగుతున్నాయి. పెదకనుమ దొర పిన్నమరాజు తన చెల్లెలు ఐతమాంబను రాతిమడుగు దొర మాచభూపతికి ఇస్తున్నాడు. గడ్డి తగాదా ఈ పెళ్ళితో చల్లారిపోతుందని రెండు కోటల పెద్దలూ తీర్మానించారు. పిల్లను ఇచ్చి పుచ్చుకుంటే చాలు, ఇక మగవాళ్ళు తమ బుద్ధులు మార్చుకోనక్కరలేదని మనుషులకు గొప్ప నమ్మకం. నన్ను సారెలో పెట్టారు, పసుపు కుంకుమల పక్కన, తమలపాకుల బుట్టలో.

పెళ్ళి పీటల మీదే మొదలైంది. తండ్రి లేడు కాబట్టి పిన్నమరాజే కన్యాదాతగా పెళ్ళికొడుకు కాళ్ళు కడిగాడు. కావాలనే చన్నీళ్ళు తెప్పించారని మాచభూపతి అనుకున్నాడు. కడిగించుకునేవాడు కాలు ముందుకు చాపకుండా తనను వంగేలా చేశాడని పిన్నమరాజు అనుకున్నాడు. పైకి ఎవరూ ఏమీ అనలేదు, ఒకరినొకరు బావా బావా అని కౌగిలించుకున్నారు కూడా. కానీ ఆ చన్నీళ్ళూ, ఆ చాపని కాలూ వాళ్ళు చచ్చేదాకా మరిచిపోలేదు. ఎన్ని తగాదాలు పడ్డా చివరికి మాట ఆ కాళ్ళు కడిగిన పళ్ళెం దగ్గరికే వచ్చేది.

రాతిమడుగు కోట నములుతూ బతికే కోట. పొద్దున లేచిన దగ్గర్నుంచీ దొర నోట్లో తాంబూలం ఉండాల్సిందే. తాంబూలపు సరంజామా చూసే అడపకత్తె పేరు పోలి, రాణి ఈడుదే. ఆకులకు ఈనెలు తీయడం, సున్నం రాయడం, తాంబూలపు చిలకలు చుట్టడం ఆమె పని. వక్క మాత్రం ఆమె కత్తిరించకూడదు. పట్టపురాణే కత్తిరించాలి. పెళ్ళయి వచ్చిన రోజునే అత్తగారు అక్కమాంబ కోడలిని కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పింది. ఆ కోటలో ఏ నిర్ణయమైనా తాంబూలంతోనే. యుద్ధమంటే కొలువు నడుమ పళ్ళెంలో తాంబూలం పెడతారు. ఏ నాయకుడు లేచి అందుకుంటాడో అతనే సైన్యాన్ని నడపాలి. అందులో రాణి చేతి వక్క లేకపోతే ఎవరూ ముట్టుకోరు. ఎప్పుడో ఒకసారి రాణి కాక మరెవరో కత్తిరించిన వక్కతో యుద్ధానికి వెళ్ళి ఓడిపోయి వచ్చారట. నిజానికి ఓడిపోయింది వానవల్ల. అయినా వానను తిడితే ఏం లాభం? వక్కను తిట్టుకున్నారు, ఆచారం పెట్టుకున్నారు.

ఐతమాంబ ఈ ఆచారాన్ని విని నవ్విందిగానీ, దాని ఉపయోగం ఏమిటో త్వరలోనే కనిపెట్టింది. గడ్డి తగాదా మళ్ళీ రేగి, మాచభూపతి పెదకనుమ మీదికి వెళ్ళాలని తాంబూలం సిద్ధం చేయమని కబురు పంపాడు. ఆవిడ వక్కల బుట్టలోకి చెంబెడు నీళ్ళు వంచింది. "వక్కలు తడిసిపోయాయి. ఎండితేగానీ తెగవని చెప్పు," అంది పోలితో. ఎండేలోపు దొర కోపం కూడా ఆరింది. ఆ తర్వాత ఎన్ని యుద్ధాలు అలా తడిసిపోయాయో నేను లెక్కపెట్టలేదు. అత్తగారికి అంతా తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకుంది. ఒకసారి బుట్ట ఎండలో పెట్టబోతున్న దాసీని ఆవిడే నీడలోకి జరపమంది.

చూడండి, ఆ రాజ్యంలో శాంతి అనేది ఒకటి ఉందంటే అది తడి వక్క మీద నిలబడి ఉంది. దానికి మాచభూపతి రాజనీతి అని పేరు పెట్టి శాసనం చెక్కించాడు. నాకు ఒళ్ళు మండింది.

ఇంతలో ఆడపిల్ల పుట్టింది. సిరియమ అని పేరు పెట్టారు. తొట్లో వేసే రోజున పిన్నమరాజు ఒడి నిండా బొమ్మలు తెచ్చి, పిల్లను ఎత్తుకుని, ఇది నా కోడలే, మా కొమ్మన పెళ్ళామే అన్నాడు. కొమ్మన అతని కొడుకు, అప్పటికి దోగాడుతున్నాడు. మేనరికం కదా, వింత ఏముంది? మాచభూపతి కూడా నవ్వి, కాక మరెవరికిస్తాం బావా అన్నాడు. ఐతమాంబకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ రోజే తాంబూలాలు పుచ్చుకుని ఉంటే ఈ కథ లేదు, నాకీ చిరాకూ లేదు. పెద్దయ్యాక చూద్దాంలే అని ఇద్దరూ అనుకున్నారు.

సిరియమ పెద్దదైంది. కొమ్మనకు మీసాలొచ్చాయి. అమ్మవారి జాతరలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఇష్టపడ్డారు కూడా. ఇవ్వాలని తండ్రికి ఉంది, పుచ్చుకోవాలని మేనమామకు ఉంది. ఇక అడ్డేమిటి అంటారా? ముందు ఎవరు అడగాలి అన్నదే అడ్డు.

మగపెళ్ళివారు వచ్చి పిల్లను అడగాలి, అది లోకం తీరు అంటాడు మాచభూపతి. ఆడపిల్ల తండ్రి తనంతట తాను వెళ్ళి మా పిల్లను చేసుకోండి అంటే పరువేం కావాలి? పిన్నమరాజు వాదం వేరు. మేనకోడలు తన హక్కు. తనదైనదాన్ని తనే వెళ్ళి అడుక్కోవడమేమిటి? ఇవ్వాల్సినవాడే తాంబూలం పట్టుకుని రావాలి. ఇద్దరి మాటలోనూ తప్పు లేదు. అదే దిక్కుమాలిన విషయం. ఒక్కరిది తప్పయినా ఎవరో ఒకరు సర్దిచెప్పేవారు.

ఐతమాంబ తిరగని దారి లేదు. పెళ్ళి అన్న మాట ఎత్తకుండా మా అన్నను ఒకసారి వేటకు పిలవండి, మిగతాది నేను చూసుకుంటానని మొగుణ్ణి బతిమాలింది. పిలిచాడు, కానీ కబురు తీసుకెళ్ళినవాడు గుమ్మం దిగేలోపు వెనక్కి పిలిపించాడు. పిలిస్తే పిల్లను అంటగట్టడానికి పిలిచాననుకుంటాడట. పోలిని తన పుట్టింటికి పంపించి అన్నగారికి నచ్చజెప్పించింది. నేనూ పోలి నడుముకున్న సంచిలో వెళ్ళాను. పిన్నమరాజు అంతా ఓపికగా విన్నాడు.

"మా ఐతమ్మకు చెప్పు పోలీ," అన్నాడు. "పిల్ల నా ఇంటి దీపం. కోడలిగా రాకపోతే నా కొడుక్కు పెళ్ళే చెయ్యను. కానీ అడగను. నాది నేనెందుకడగాలి? ఆ మాత్రం తెలియదా మీ దొరకు?"

పోలి ఆ మాట తెచ్చి చెప్పింది. ఐతమాంబ ఆ పూటంతా కూర్చుని బుట్టెడు వక్కలు కత్తిరించి పోసింది. అవసరం లేని వక్కలు. నా శీల వేడెక్కింది. ఆవిడ తనలో తను గొణుక్కుంటున్నది నాకు వినబడుతూనే ఉంది. ఈ పెళ్ళి జరగకపోతే తన పెళ్ళికి అర్థం లేదని, రెండు ఇళ్ళ మధ్య తను వంతెనగా వచ్చిందని అందరూ అన్నారనీ, ఇన్నేళ్ళుగా దాని మీద నడిచినవాడు ఒక్కడూ లేడనీ. పాపం, నిజమే. నాకు ఆవిడ మీద జాలి వేసింది, ఆ ఇద్దరు బావల మీద ఒళ్ళు మండింది.

ఇక మగవాళ్ళు తెలివి చూపించడం మొదలుపెట్టారు. పిల్లకు వేరే సంబంధాలు చూస్తున్నట్టు మాచభూపతి గాలికబురు వదిలాడు, అది విని బావ పరుగెత్తుకు వస్తాడని. కొమ్మనకు తూర్పుసీమ పిల్లను ఖాయం చేసినట్టు పిన్నమరాజు వదిలాడు, అది విని బావ దిగివస్తాడని. రెండు కబుర్లూ కనుమలో ఎదురుపడ్డాయి. ఎవరూ రాలేదు సరికదా, ఇద్దరికీ అవమానం జరిగిపోయింది. మళ్ళీ వక్కలు తడిశాయి.

సిరియమ ఇదంతా చూస్తూ ఊరుకునే పిల్ల కాదు. తల్లి పోలిక. ఆ ఏడు జాతరకు వెళ్ళి మరి రాలేదు. అమ్మవారి గుడిలో పూజారి ఎదుట కొమ్మన తాళి కట్టాడు. ఇద్దరూ రెండు కోటలకూ వెళ్ళకుండా, కనుమ నడుమ ఉన్న గొల్లపల్లెలో గుడిసె వేసుకున్నారు. తల్లికి మాత్రం ఒక మాట పంపింది. "మీలో ఎవరికీ అడగడానికి నోరు రాలేదు కదమ్మా, మేమే అడిగేసుకున్నాం," అని. ఐతమాంబ ఆ మాట విని నవ్వింది, ఏడ్చింది, దేవుడి ముందు దీపం పెట్టింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది ఆవిడకు.

ఇద్దరు బావలకూ మాత్రం పిచ్చెత్తింది. ఇది నీ కుట్ర అంటే నీ కుట్ర అనుకుంటూ సరిహద్దు దగ్గర డేరా వేసి ఎదురెదురుగా కూర్చున్నారు. వాదించుకోగా వాదించుకోగా ఇద్దరికీ ఏమీ తెలియదని తేలింది. అంటే పిల్లలే తమను లెక్కచేయలేదు. ఆ సంగతి అర్థం కాగానే ఏం జరిగిందో తెలుసా? ఇద్దరూ లేచి కౌగిలించుకుని బావురుమన్నారు. నీకు నేనున్నాను బావా అంటే నీకు నేనున్నాను బావా అనుకున్నారు. ఇన్నేళ్ళ పగ అంతటితో సమసిపోయింది. ఐతమాంబ జీవితమంతా కోరుకున్న పొత్తు కుదిరింది, ఆవిడ కూతురి మీదికీ అల్లుడి మీదికీ దండెత్తడానికి.

గొల్లపల్లెను తగలబెట్టి, కొమ్మనను కట్టి తెచ్చి, పిల్లను గదిలో వేసి తాళం పెట్టాలని తీర్మానం. ఎదురుతిరిగితే కొమ్మన ప్రాణం దక్కదని ఇద్దరూ ఒప్పుకున్నారు, కన్నతండ్రితో సహా. పరువు కోసం కొడుకును చంపుకుంటానన్నవాడు అదే పరువును కాస్త పక్కన పెట్టి ఒక్క మాట అడగలేకపోయాడు. అప్పుడు కూడా మీరు ముందు కదలండి, మేం వెనక వస్తాం అని పిన్నమరాజు అన్నాడు. మాచభూపతి సరేనని కోటకు వచ్చి కొలువు తీర్చి, తాంబూలం పళ్ళెం తెమ్మన్నాడు.

ఈసారి ఐతమాంబ వక్కలు తడపలేదు. పళ్ళెంలో ఆకులు పేర్చి, వాటి మీద కత్తిరించని వక్కలు గుండుగా అలాగే పెట్టి, పక్కన నన్ను పెట్టి, తనే మోసుకుని కొలువులోకి వచ్చింది. రాణి అలా అందరి ఎదుటికి రావడం ఎవరూ చూడలేదు. నాయకులు లేచి నిలబడ్డారు. అక్కమాంబ వయసు మీద పడి చూపు సరిగ్గా ఆనకపోయినా, లోపలి గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఏలినవారు నన్ను మన్నించాలి," అంది ఐతమాంబ. "మా అన్న మీదికి వెళతానంటే కత్తిరించాను. ఆలస్యం చేశానుగానీ, కత్తిరించాను. నా కడుపున పుట్టినదాని మీదికి కత్తిరించను. కావాలంటే మీరే కానివ్వండి."

కొలువంతా చూస్తుండగా వెనక్కి తగ్గడం మాచభూపతికి తెలియదు. నన్ను తీసుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ వక్క నములుతున్న మనిషి, నన్ను పట్టుకోవడం అదే మొదటిసారి. పిడులు తలకిందులుగా పట్టుకున్నాడు. వక్క జారి వెళ్ళి సేనాపతి కాళ్ళ దగ్గర పడింది. రెండోసారి గట్టిగా నొక్కాడు. వేలు తెగింది. పళ్ళెంలో ఆకుల మీద నెత్తురు పడింది. నేనేం చెయ్యను, నాకు వక్కకూ వేలుకూ తేడా తెలియదు. పోలిని కత్తిరించమన్నాడు. ప్రభువుల ఆజ్ఞ అంటే శిరసావహిస్తానుగానీ చెయ్యి బెణికింది అంది పోలి. గుమ్మం దగ్గర్నుంచి అక్కమాంబ, పట్టపురాణి చేతిది కాకపోతే శాస్త్రం ఒప్పుకోదు నాయనా అని గట్టిగా గుర్తుచేసింది. నాయకులంతా నెత్తుటి ఆకుల వైపు చూసి తలలు దించుకున్నారు. ఎవరూ పళ్ళెం ముట్టుకోలేదు.

సైన్యం కదలలేదు. వీళ్ళు కదలలేదని పెదకనుమ సైన్యమూ కదలలేదు. సిరియమ, కొమ్మన బతికిపోయారు. దాంతో రాణి గెలిచిందని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

మాచభూపతి ఆవిడను ఒక్క మాట అనలేదు. అనడం కాదు, అసలు మాట్లాడటమే మానేశాడు. ఒకే కోటలో, ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ, అమ్మగారికి చెప్పు పోలీ అంటూ ఏళ్ళు గడిపాడు. అమ్మగారికి చెప్పు, చారులో ఉప్పెక్కువైంది. ప్రభువులకు చెప్పు, అది చారు కాదు మందు. కోపం ఎప్పుడో పోయింది, అది నాకు తెలుసు. వేలు మీద మచ్చను నిమురుకుంటూ ఆయన ఒక్కడే నవ్వుకోవడం పోలి చూసింది. ఆయన పళ్ళు కదులుతున్నాయని రాణి వక్కను పొట్టు పొట్టుగా, ఎంత సన్నగానంటే ఊదితే ఎగిరిపోయేంత సన్నగా కత్తిరించి పంపేది. ఆయన చిలక నోట్లో పెట్టుకుని, ఎవరు కత్తిరించారో తెలియనట్టు ముఖం పెట్టేవాడు. ఇలా మొహం చాటేసుకునే మనుషుల మధ్య పని చేయడం ఎంత విసుగో మీకు చెప్పలేను.

అక్కమాంబ కాలం చేసింది. ఆ కబురు విని సిరియమ వచ్చింది, చంకలో పిల్లవాడితో. వచ్చి కోట వాకిట్లో నిలబడింది. లోపలికి రమ్మని కాపలావాళ్ళు బతిమాలారు. నాన్న పిలిస్తేనే వస్తానంది. ఇంటి ఆడపిల్లకు పిలుపేమిటి, వస్తే వద్దన్నానా అన్నాడు మాచభూపతి లోపలి నుంచి, పోలితో. ఎండ నెత్తిన పడుతోంది. పిల్లవాడు ఏడుస్తున్నాడు. ఆ తండ్రికి తగ్గ కూతురే. నేను సంచిలో ఉండి నా రెక్కలు నూరుకున్నాను, నాకున్న పళ్ళు అవే కాబట్టి.

అప్పుడు ఐతమాంబ లేచింది. నన్ను బొడ్లో దోపుకుంది. మెట్లు దిగి, వాకిలి దాటి, మనవడిని ఎత్తుకుంది. రాణులు పల్లకీ లేకుండా దాటకూడని వాకిలి అది. కూతుర్ని పట్టుకుని లోపలికి వస్తుందనుకున్నారు అందరూ. ఆవిడ వెనక్కి తిరిగి పోలితో అన్న మాట మాత్రం ఇది.

"ప్రభువులకు చెప్పు పోలీ. నేను మా అమ్మాయి ఇంటికి వెళుతున్నాను. ఆయన పిలిస్తే వస్తాను."

నా రెక్కలు బిగుసుకుపోయాయి. ఎవరు ముందు అడగాలన్న మాటకు ఇన్నేళ్ళూ నవ్విన మనిషి, ఏడ్చిన మనిషి, దాని మీద బుట్టలకొద్దీ వక్కలు నీళ్ళపాలు చేసిన మనిషి! మొగుడి నోటి నుంచి ఒక్క పిలుపు వినాలన్న ఆశే అది, నాకు తెలుసు. జీవితంలో ఒక్కసారి ఆయనే ముందుగా నోరు తెరవాలని. పెద్ద కోరికా? కాదు. అయినా అనకుండా ఉంటే బాగుండేది.

గొల్లపల్లె గుడిసెలో రాణి బతుకు బాగానే సాగింది. మజ్జిగ చిలికింది, మనవడికి కథలు చెప్పింది. కోట గోడ అక్కడి నుంచి స్పష్టంగా కనబడేది. రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని వక్కలు కత్తిరించేది, తనకు చెక్కలుగా, ఆయనకు పొట్టుగా. ఆయన వంతు పంపేది కాదు. పంపితే తనే ముందు పిలిచినట్టు కదా. తెల్లారేసరికి గాలికి పోయేది. పోలి అప్పుడప్పుడూ వచ్చి కోట కబుర్లు చెప్పేది. ప్రభువులు దీపాలు పెట్టేదాకా కోట తలుపు మూయనివ్వడం లేదట. ఎందుకని అడిగితే గాలి కోసమట. దారి కనబడే బురుజు మీద మంచం వేయించుకున్నారట. అదీ గాలి కోసమే.

"పిలవమన్నారా?" అని ఐతమాంబ ప్రతిసారీ అడిగేది, ఏదో వేరే సంగతి అడుగుతున్నట్టు.

"లేదమ్మా," అనేది పోలి.

ఒకరోజు మధ్యాహ్నం పోలి వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. పొద్దున కూరలో కారం గురించి కొమ్మన ఏదో అన్నాడు, సిరియమ ఏదో అంది. అతను అలిగి వెళ్ళి పశువుల పాకలో కూర్చున్నాడు. అన్నం వడ్డించి ఉంది. పిలిస్తే వస్తానని అతను, ఆకలైతే రాడా అని ఈమె. ఐతమాంబ గుమ్మంలో నన్ను పట్టుకుని కూర్చుంది. పోలి ముఖం చూడగానే ఆవిడ చేయి ఆగిపోయింది.

ప్రభువులు తెల్లవారుజామున పోయారని పోలి చెప్పింది. మూడు రోజులుగా జ్వరమట. ఐతమాంబ ఎప్పటిలాగే, పిలవమన్నారా అని అడిగింది, ఈసారి వేరే సంగతి అడుగుతున్నట్టు కాకుండా. పోలి చెప్పాలా వద్దా అని తటపటాయించింది.

"అడిగానమ్మా. నిన్న సాయంత్రం నేనే నోరు తెరిచి అడిగాను, అమ్మగారిని పిలవమంటారా ప్రభూ అని. నా వైపు చూసి, తన ఇంటికి తను రావడానికి పిలుపెందుకే పోలీ, ఆ మాత్రం తెలియదా ఆవిడకు, అన్నారు. తలుపు వేయొద్దన్నారు. అంతే."

ఐతమాంబ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. "నేనూ అదే అనుకుంటూ కూర్చున్నానే," అంది. "రమ్మనడానికి ఇంత ఆలోచనెందుకు, ఆ మాత్రం తెలియదా ఆయనకు, అని. రోజూ. ఇక్కడే కూర్చుని."

సిరియమ వచ్చి తల్లిని పట్టుకుని ఏడ్చింది. కొంతసేపటికి ఐతమాంబ కళ్ళు తుడుచుకుంది. ఒళ్ళో ఉన్న వక్కపొట్టును దులిపేసింది. మొగుడు పోయిన ఆడదానికి తాంబూలం లేదు కాబట్టి, నన్ను పోలి చేతికిచ్చి గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టమంది. అప్పుడు కూతురి భుజం మీద చెయ్యి వేసి, పశువుల పాక వైపు చూపించింది.

"ఏడుపు తర్వాత. ముందు వెళ్ళి అతన్ని అన్నానికి పిలువు."

సిరియమ లేచింది. గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. అంతవరకే చూశాను. పిలిచిందో, నిలబడిపోయిందో నాకు తెలియదు. అప్పటికే పోలి గుడ్డ చుట్టేసింది. ఎన్నో వందల ఏళ్ళయింది, పెట్టె కూడా మట్టిలో కలిసిపోయింది, నాకు మాత్రం ఆ చిరాకు పోలేదు.